ఇంట గెలిస్తేనే రచ్చ

ఎన్నికలు దగ్గరపడుతున్నాయనడానికి బళ్లారిలో కనిపించే మొదటి గుర్తు ఫ్లెక్సీలు కాదు, ఫొటోలు. వేదిక మీద పది మంది నాయకులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పైకెత్తుతారు. కెమెరాల పని అయ్యేదాకా అలాగే నిలబడతారు. ‘మా మధ్య విభేదాల్లేవు, మేమంతా ఒక్కటే’ అని ఓ ప్రకటన వెలువడుతుంది. ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటేనే లోపల ఏదో ఉడుకుతోందని జనానికి అర్థమైపోతుంది. సంసారం సజావుగా సాగే ఇంటివాళ్లు వీధిలోకొచ్చి ‘మేం పోట్లాడుకోవడం లేదు’ అని చాటింపు వేసుకోరు కదా!

పార్టీ ఏదైనా ఈ తంతు ఒక్కటే. జెండా రంగు మారుతుంది, వేదిక మారుతుంది, పట్టుకున్న చేతులు మారుతాయి. ఒక్కోసారి చేతులూ మారవు, మెడలో కండువాలు మాత్రమే మారతాయి. కర్ణాటక శాసనసభకు గడువు ప్రకారం 2028లో ఎన్నికలు జరగాలి. చాలా దూరం ఉంది కదా అనుకోవడానికి లేదు. ఏ పార్టీ అయినా ఓడిపోయేది పోలింగు రోజున కాదు. అంతకు రెండేళ్ల ముందే, సొంత ఇంట్లో ఓడిపోవడం మొదలవుతుంది. ఈ సంగతి బళ్లారి, కొప్పళ, రాయచూరు జిల్లాల ఓటర్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పదిహేనేళ్లుగా వాళ్లు చూస్తున్నది అదే.

ఒక్కసారి లెక్కలు చూద్దాం. 2008లో కర్ణాటకలో బీజేపీకి 224 సీట్లలో 110 వచ్చాయి. దక్షిణాదిలో ఆ పార్టీ సొంతంగా గద్దెనెక్కడం అదే మొదలు. అప్పటి ఉమ్మడి బళ్లారి జిల్లాలో తొమ్మిది స్థానాలుంటే సండూరు తప్ప ఎనిమిదీ ఆ పార్టీవే. ఒకప్పుడు కాంగ్రెస్‌కు కంచుకోటలాంటి జిల్లాలో ఇది మామూలు మార్పు కాదు. అయిదేళ్లు తిరిగేసరికి ఏం జరిగింది? 2011లో గనుల వ్యవహారంలో లోకాయుక్త నివేదిక వచ్చింది. యడియూరప్ప ముఖ్యమంత్రి పదవి పోయింది. ఆయన 2012 చివర్లో కర్ణాటక జనతా పక్ష పేరుతో వేరుకుంపటి పెట్టారు. అంతకుముందే శ్రీరాములు శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి, బళ్లారి గ్రామీణ స్థానంలో స్వతంత్రుడిగా ఉప ఎన్నికలో గెలిచి, బీఎస్సార్ కాంగ్రెస్ పెట్టారు. ఒక్క ఇల్లు మూడు వాటాలైంది.

2013 ఫలితాలు ఆ వాటాల విలువను పైసలతో సహా తేల్చాయి. బీజేపీకి 40, కేజేపీకి 6, బీఎస్సార్ కాంగ్రెస్‌కు 4 సీట్లు. కాంగ్రెస్‌కు 122. ఇంతకీ కాంగ్రెస్‌కు ఓట్లేమైనా వరదలా వచ్చాయా అంటే అదీ లేదు. 2008తో పోలిస్తే ఆ పార్టీ ఓట్లు రెండు శాతం కూడా పెరగలేదు. సీట్లు మాత్రం 80 నుంచి 122కు చేరాయి. అటు బీజేపీకి దాదాపు 20 శాతం, కేజేపీకి దాదాపు 10 శాతం, బీఎస్సార్‌కు రెండున్నర శాతం పైచిలుకు ఓట్లు పడ్డాయి. మూడూ కలిపితే 2008లో బీజేపీకి ఒక్కదానికే వచ్చిన ఓట్లకు కాస్త అటూఇటూగా ఉంటాయి. అంటే ఓటరు పెద్దగా కదల్లేదు. నాయకులే కదిలారు. ఉమ్మడి బళ్లారి జిల్లాలో ఎనిమిది స్థానాల పార్టీ ఒక్క స్థానానికి పరిమితమైంది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటే ఇదే.

ఈ దెబ్బతో బుద్ధి వచ్చినట్టే కనిపించింది. 2014 జనవరిలో యడియూరప్ప, లోక్‌సభ ఎన్నికల ముందు శ్రీరాములు సొంతగూటికి చేరారు. రాష్ట్రంలోని 28 లోక్‌సభ స్థానాల్లో 17 ఆ పార్టీకి దక్కాయి. బళ్లారి కూడా అందులో ఒకటి. అయితే ఆ ఏడాది దేశమంతటా గాలి ఒకే వైపు వీచిందన్నది మరిచిపోకూడదు. గాలి వీచినప్పుడు చిరిగిన తెరచాపతోనూ పడవ నడుస్తుంది. చిరుగు ఎంత పెద్దదో తెలిసేది గాలి ఆగినప్పుడే. ఆ చిరుగు మళ్లీ బయటపడటానికి ఎక్కువ కాలం పట్టలేదు.

అన్న ఒకవైపు, వదిన మరోవైపు

2022 డిసెంబరులో గాలి జనార్దన్‌రెడ్డి కల్యాణ రాజ్య ప్రగతి పక్ష ఏర్పాటు చేశారు. 2023 మేలో జరిగిన శాసనసభ ఎన్నికల్లో బళ్లారి నగరంలో ఏం జరిగిందో ఇక్కడి తెలుగు ఇళ్లల్లో ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. బీజేపీ అభ్యర్థిగా సిట్టింగ్ ఎమ్మెల్యే సోమశేఖర్‌రెడ్డి. కొత్త పార్టీ అభ్యర్థిగా ఆయన తమ్ముడి భార్య అరుణ లక్ష్మి. పండక్కి ఒకే పంక్తిలో కూర్చుని తినే కుటుంబం రెండు గుర్తులతో వీధుల్లోకి వచ్చింది. కార్యకర్తల పరిస్థితి మరీ ఇబ్బంది. ఎవరి వెంట తిరిగితే ఎవరికి కోపమో తెలియదు. నిన్నటిదాకా ఇద్దరి ఫొటోలూ ఒకే ఫ్లెక్సీలో వేయించుకున్నవారు ఏ ఫొటో కత్తిరించాలో తెలియక తలలు పట్టుకున్నారు.

ఫలితం అందరికీ తెలిసిందే. కాంగ్రెస్ అభ్యర్థి నారా భరత్‌రెడ్డికి సుమారు 86 వేల ఓట్లు వచ్చాయి. అరుణ లక్ష్మికి 48 వేల పైచిలుకు, సోమశేఖర్‌రెడ్డికి సుమారు 37 వేలు. 2018లో గెలిచిన పార్టీ మూడో స్థానంలోకి జారిపోయింది. ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఓడిన ఇద్దరి ఓట్లూ కలిపినా గెలిచిన అభ్యర్థి ఓట్లకు దాదాపు సమానమయ్యాయి తప్ప దాటలేదు. అంటే చీలిక తెచ్చే నష్టం ఓట్ల కూడికతో అయిపోదు. ఇంటి పోరు చూసి విసుగెత్తి, ‘వీళ్లకు వీళ్ల గొడవే సరిపోయింది, మన గొడవ ఎవరికి కావాలి?’ అని పక్కకు తప్పుకునే ఓటరు ఏ లెక్కలోనూ కనిపించడు. ఆ ఎన్నికల్లో ఇప్పటి బళ్లారి జిల్లాలోని అయిదు స్థానాలూ కాంగ్రెస్ గెలుచుకుంది. కొత్త పార్టీకి మిగిలింది పక్క జిల్లాలోని గంగావతి ఒక్కటే.

2024 మార్చిలో కొత్త పార్టీ మళ్లీ బీజేపీలో కలిసిపోయింది. చేతులు పైకి లేచాయి, ఫొటోలు వచ్చాయి. మే నెలలో లోక్‌సభ పోలింగు. బళ్లారిలో శ్రీరాములు దాదాపు 99 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. పక్కన కొప్పళలో టికెట్ దక్కని సిట్టింగ్ ఎంపీ కరడి సంగణ్ణ ఎన్నికల ముందే కాంగ్రెస్‌లో చేరారు. ఆ స్థానమూ చేజారింది. కల్యాణ కర్ణాటకలోని అయిదు లోక్‌సభ స్థానాలూ కాంగ్రెస్‌కే వెళ్లాయి. అదే ఏడాది నవంబరులో సండూరు ఉప ఎన్నిక. అక్కడా ఓటమే. ఆ ఓటమికి బాధ్యులెవరన్న దాని మీద 2025 జనవరిలో శ్రీరాములు, జనార్దన్‌రెడ్డి బహిరంగంగా మాటలు విసురుకున్నారు. ఒకే ప్రాణంగా మెలిగిన ఇద్దరు మిత్రుల మాటల యుద్ధాన్ని జనం వారం పాటు టీవీల్లో చూశారు.

ఇందులో పాఠం ఒక్కటే. మార్చిలో కలిసి మేలో ఓట్లు అడిగితే నాయకుల చేతులు కలుస్తాయి గానీ కార్యకర్తల మనసులు కలవవు. ఏడాది కిందటే వీధిలో ఒకరినొకరు తిట్టుకున్న ఇద్దరు బూత్ ఏజెంట్లను ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి ‘కలిసి పనిచేయండి’ అంటే కూర్చుంటారు. పని మాత్రం చేయరు. మాటకు మాట అనుకున్న నాయకులకు రాజీ కుదరడానికి ఒక ఫోను చాలు. వాళ్ల తరఫున దెబ్బలు తిన్నవాడికి, కేసులు పెట్టించుకున్నవాడికి, మేనమామతో మాటలు మానేసినవాడికి ఆ రాజీ ఎవరు కుదురుస్తారు?

జెండా మోసినవాడి సంగతేమిటి?

ఐక్యత గురించి పెద్దలు మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు నాయకుల పేర్లే వినబడతాయి. నిజానికి పార్టీ అంటే వాళ్లు కాదు. సిరుగుప్పలోనో, కంప్లిలోనో, సింధనూరు తాలూకా క్యాంపుల్లోనో తెల్లవారుజామునే లేచి ఓటరు జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు పార్టీ. ముసలివాళ్లను పోలింగు కేంద్రానికి తీసుకెళ్లేవాడు, ఏజెంటుగా పొద్దున్నుంచి సాయంత్రందాకా బల్ల వదలకుండా కూర్చునేవాడు పార్టీ. అతడికి టికెట్ రాదని అతడికీ తెలుసు. అతడు కోరుకునేది చిన్న గౌరవం. తను పదేళ్లు వ్యతిరేకించినవాడిని రాత్రికి రాత్రి తెచ్చి తన నెత్తిన పెట్టరాదన్నదే అతడి కోరిక.

రాయచూరు జిల్లా మస్కి దీనికి మంచి ఉదాహరణ. 2018లో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి ప్రతాపగౌడ పాటిల్ కేవలం 213 ఓట్ల తేడాతో బీజేపీ అభ్యర్థి బసనగౌడ తుర్విహాళ మీద గెలిచారు. 2019లో ప్రతాపగౌడ కాంగ్రెస్‌ను వదిలి తర్వాత బీజేపీలో చేరారు. 2021 ఉప ఎన్నికకు వచ్చేసరికి ఓడిన తుర్విహాళ కాంగ్రెస్ అభ్యర్థి అయ్యారు. ఇద్దరూ అవే ముఖాలు, గుర్తులు మాత్రం అటుదిటు. అప్పట్లో 213 ఓట్లతో గెలిచిన మనిషి ఈసారి 30 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. అప్పటికి రాష్ట్రంలో అధికారంలో ఉన్నది ఆయన కొత్త పార్టీయే. మంత్రులు వచ్చారు, హామీలు ఇచ్చారు. అయినా ఊళ్లో కార్యకర్తకు మింగుడుపడని అభ్యర్థిని ఏ అధిష్ఠానమూ గెలిపించలేదని మస్కి తేల్చి చెప్పింది.

2019 లోక్‌సభ ఎన్నికలదీ ఇదే కథ. కాంగ్రెస్, జేడీఎస్ కలిసి ప్రభుత్వం నడుపుతున్న రోజులవి. పై స్థాయిలో పొత్తు ఉంది, సీట్ల పంపకం అయింది, ఉమ్మడి సభలు జరిగాయి. కింద మాత్రం పాత మైసూరు జిల్లాల్లో దశాబ్దాలుగా ఢీ అంటే ఢీ అన్న కార్యకర్తలు కలవలేదు. మండ్యలో ముఖ్యమంత్రి కుమారుడే స్వతంత్ర అభ్యర్థి సుమలత చేతిలో ఓడిపోయారు. 28 స్థానాల్లో బీజేపీకి 25 వచ్చాయి. కాంగ్రెస్‌కు ఒకటి, జేడీఎస్‌కు ఒకటి. అదే ఏడాది జనవరిలో ఎమ్మెల్యేలు చేజారకుండా కాంగ్రెస్ వాళ్లందరినీ బెంగళూరు దగ్గర రిసార్టులో ఉంచింది. ఐక్యత కోసం పెట్టిన ఆ శిబిరంలోనే మన ప్రాంతానికి చెందిన ఇద్దరు ఎమ్మెల్యేలు గొడవపడ్డారు, ఒకరు ఆసుపత్రి పాలయ్యారు. తలుపులకు తాళం వేసి ఐక్యత తెద్దామనుకుంటే జరిగేది అదే. ఆ జూలైలో ప్రభుత్వమే పడిపోయింది.

గెలిచినవాళ్లు ఏం చేశారు?

చెడ్డ ఉదాహరణలే చెబుతూ పోతే న్యాయం కాదు. ఇంటిని చక్కదిద్దుకుని గెలిచినవారూ ఉన్నారు. 2023కు ముందు కర్ణాటక కాంగ్రెస్‌లో సిద్ధరామయ్య, డీకే శివకుమార్ వర్గాల మధ్య ఎంత దూరం ఉందో రాష్ట్రమంతా ఎరుగుదురు. ఇద్దరికీ ముఖ్యమంత్రి పదవి మీద ఆశ. ఇద్దరూ దాచుకోలేదు. 2022 ఆగస్టులో దావణగెరెలో జరిగిన సిద్ధరామయ్య 75వ పుట్టినరోజు సభలో ఇద్దరూ ఆలింగనం చేసుకున్నారు. అది కూడా ఫొటోయే. అయితే ఆ ఫొటో వెనక కొంత పని జరిగింది. అదీ తేడా.

ఆ పనికి ఒక గుర్తు చాలు. ఎన్నికల సంఘం 2023 మార్చి 29న షెడ్యూలు ప్రకటించింది. కాంగ్రెస్ అంతకు నాలుగు రోజుల ముందే, మార్చి 25న, 124 మందితో మొదటి జాబితా విడుదల చేసింది. బీజేపీ మొదటి జాబితా వచ్చింది ఏప్రిల్ 11న. నామినేషన్ల గడువు ఏప్రిల్ 20. టికెట్ రానివారికి కోపం వస్తుంది, అది సహజం. ఆ కోపాన్ని చల్లార్చడానికి ఒక పార్టీకి దాదాపు నాలుగు వారాలు దొరికాయి. రెండో పార్టీకి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల్లోనే మాజీ ముఖ్యమంత్రి జగదీశ్ శెట్టర్, మాజీ ఉప ముఖ్యమంత్రి లక్ష్మణ్ సవది పార్టీ వదిలి ఎదుటివారి బీ-ఫారం అందుకున్నారు. సవది అథణిలో గెలిచారు. శెట్టర్ ఓడిపోయారు, తర్వాత 2024 జనవరిలో సొంతగూటికి తిరిగొచ్చారు. కానీ పోలింగుకు ముందు లింగాయత ఓటర్లలో జరగాల్సిన చర్చ అప్పటికే జరిగిపోయింది. కాంగ్రెస్‌కు 135 సీట్లు, బీజేపీకి 66. ఈ తేడాకు కారణాలు ఇంకా ఎన్నో ఉన్నాయి. అవినీతి ఆరోపణలు, ధరలు, గ్యారంటీ హామీలు.. అన్నీ పనిచేశాయి. ఇల్లు చక్కగా లేకపోతే మాత్రం ఆ కారణాలను ఓట్లుగా మార్చుకునే యంత్రాంగమే ఉండేది కాదు.

సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇలాంటిదే ఒకటి చూశాం. పిఠాపురంలో 2014లో తెలుగుదేశం టికెట్ నిరాకరిస్తే ఎస్వీఎస్ఎన్ వర్మ స్వతంత్రుడిగా నిలబడి గెలిచి చూపించారు. 2024లో పొత్తులో భాగంగా అదే సీటును పవన్ కల్యాణ్‌కు ఇచ్చారు. వర్మ అనుచరులు భగ్గుమన్నారు. ఈసారి పార్టీ అధినేత ఆయన్ను పిలిపించి ఎదురుగా కూర్చుని మాట్లాడారు. పదేళ్ల కిందట తిరగబడి గెలిచిన మనిషి మిత్రపక్షం అభ్యర్థి కోసం ఊరూరా తిరిగారు. పవన్ 70 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. మనిషి అదే, ఊరూ అదే. మారింది పార్టీ అతడితో మాట్లాడిన తీరు.

అయితే కథ అక్కడితో అయిపోదు. 2025 మార్చిలో ఎమ్మెల్సీ అభ్యర్థుల జాబితా వచ్చింది. అందులో వర్మ పేరు లేదు. ఆయన అనుచరుల్లో అసంతృప్తి మళ్లీ వినబడింది. కర్ణాటక కాంగ్రెస్‌లోనూ అంతే. 2023 మే 13న ఫలితాలు వస్తే, ముఖ్యమంత్రి ఎవరో తేలడానికి ఢిల్లీలో రోజుల తరబడి మంతనాలు సాగాయి. అప్పుడు తేలిందనుకున్న ప్రశ్న 2025 చివర్లో మళ్లీ లేచింది. ఇద్దరు నేతలు ఒకరింటికి ఒకరు ఉపాహారానికి వెళ్లి ‘మా మధ్య ఏమీ లేదు’ అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఎన్నికల ముందు సాధించిన ఐక్యత అప్పు లాంటిది. గెలిచాక వాయిదాలు కట్టాలి. ఏరు దాటాక తెప్ప తగలేస్తే, అయిదేళ్లకు మళ్లీ అదే ఏరు అడ్డం వస్తుంది.

నోరు మూయించడం ఐక్యత కాదు

ఇక్కడే ఇంకో మాట చెప్పుకోవాలి. ఐక్యత అంటే అందరూ ఒక్కరికే జై కొట్టడమని కొందరు నాయకుల నమ్మకం. అడిగినవాడల్లా ద్రోహి, ప్రశ్నించినవాడల్లా ఎదుటి పార్టీ ఏజెంటు. చాలా పార్టీల్లో సంస్థాగత ఎన్నికలు కాగితం మీదే జరుగుతాయి. తాలూకా అధ్యక్షుడు ఎవరో పత్రికల్లో చూసి తెలుసుకునే కార్యకర్తలు ఎందరో. ఫిరాయింపుల చట్టం గెలిచిన ఎమ్మెల్యేలను కట్టేస్తుంది గానీ, పార్టీ లోపల న్యాయంగా నడుచుకోవాలని ఏ చట్టమూ గట్టిగా అడగదు. అలాంటప్పుడు లోపల చెప్పుకునే చోటు లేనివాడు బయటికొచ్చి చెబుతాడు. బయటికొస్తే బహిష్కరిస్తారు. 2024లో శివమొగ్గలో తిరుగుబాటు అభ్యర్థిగా నిలిచిన ఈశ్వరప్పను, 2025 మార్చిలో యత్నాళ్‌ను బీజేపీ ఆరేళ్ల చొప్పున బహిష్కరించింది. క్రమశిక్షణ ఉండాల్సిందే, కాదనలేం. కానీ ఇంట్లో అన్నదమ్ములు అరుచుకునే దాకా ఇంటిపెద్ద ఏం చేస్తున్నాడన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. కోపం పట్టినవాళ్లంతా పదవుల పిచ్చివాళ్లే కారు. కొందరు నిజం కూడా చెబుతారు.

నాలుగు గోడల మధ్య గట్టిగా అరుచుకుని, బయటికొచ్చి ఒకే మాట చెప్పే పార్టీ బతుకుతుంది. లోపల ఎవరూ నోరెత్తక, బయట ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పే పార్టీ చితుకుతుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది రెండోదే.

మధ్యలో నలిగేది ఎవరు?

ఇదంతా నాయకుల గొడవ, మనకెందుకులే అనుకునే పరిస్థితి లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరులో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి. ఇటు మిగిలిన తెలుగువారు, తుంగభద్ర కాలువలు వచ్చాక కోస్తా నుంచి తరలివచ్చి గంగావతి, కారటగి, సింధనూరు, సిరుగుప్ప చుట్టూ క్యాంపులు వేసుకుని బీడును వరి మడులుగా మార్చినవారు ఇప్పుడు ఇక్కడి మట్టిలో మనుషులే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. అన్ని పార్టీల్లోనూ వాళ్లున్నారు. ఎన్నికలప్పుడు మాత్రం వాళ్ల పేరు ‘క్యాంపుల ఓట్లు’. ఏ వర్గం నాయకుడు ఏ క్యాంపును తిప్పుకున్నాడన్నదే లెక్క. పార్టీ రెండు ముక్కలైతే క్యాంపూ రెండు ముక్కలవుతుంది. సొసైటీ ఎన్నికలో, గుడి కమిటీలో, చివరికి పెళ్లి పిలుపుల్లో కూడా ఆ గీత కనిపిస్తుంది. నాయకులు ఆర్నెల్లకు కలిసిపోతారు. ఊళ్లో గీత మాత్రం చెరగదు.

అసలు మాట్లాడాల్సిన సంగతులేమో గాలికి పోతాయి. తుంగభద్ర జలాశయాన్ని 133 టీఎంసీల కోసం కట్టారు. పూడిక పేరుకుని అది 105 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. దానికి ప్రత్యామ్నాయంగా నవలి దగ్గర సమతుల జలాశయం అన్న మాట ఎన్నో ఎన్నికలు చూసింది. 2024 ఆగస్టు 10 రాత్రి జలాశయం 19వ గేటు కొట్టుకుపోయింది. 33 గేట్లలో ఒక్కటి పోతేనే మూడు రాష్ట్రాల రైతులకు కంటి మీద కునుకు లేదు. ఆ గేట్ల వయసు డెబ్బై ఏళ్లన్న సంగతి అంతకుముందు ఏ ఎన్నికల సభలో వినబడింది? ఏ పార్టీ మేనిఫెస్టో కమిటీలో మన తాలూకా నుంచి ఒక రైతు కూర్చుని అడిగాడు?

మిరప సంగతీ అంతే. బళ్లారి జిల్లా రైతు పండించిన ఎండుమిరప లారీకెక్కించి హావేరి జిల్లా బ్యాడగి దాకా తీసుకెళ్లాలి. 2024 మార్చి 11న ధర పడిపోయిందని అక్కడ రైతులు రగిలిపోయి వాహనాలకు నిప్పు పెట్టేదాకా వెళ్లారు. సొంత జిల్లాలో పెద్ద మార్కెట్ ఉండాలన్న కోరిక ఏళ్ల నాటిది. నగరంలో జీన్స్ కుట్టే ఇళ్ల బాధలు, గని ఊళ్లలో ఎర్రదుమ్ము, ఆ ఊళ్ల కోసమే ఉన్న ఖనిజ నిధి ఎటు పోతోందన్న ప్రశ్న.. ఇవన్నీ గట్టి అభ్యర్థి, గట్టి ప్రతిపక్షం ఉంటేనే సభలో వినబడేవి. ఇంటి పోరుతో సతమతమయ్యే పాలకపక్షం పని చేయదు. ఇంటి పోరుతో చితికిన ప్రతిపక్షం ప్రశ్నించదు. రెండు విధాలా నష్టపోయేది ఓటేసినవాడే.

కాబట్టి పార్టీలు ఇప్పటినుంచే చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఇవేమీ బ్రహ్మవిద్య కాదు. అభ్యర్థిత్వానికి కొలమానం ఏమిటో ముందే చెప్పాలి. సర్వేలా, గెలుపు అవకాశాలా, పార్టీలో పనిచేసిన కాలమా.. ఏదైనా సరే, అందరికీ ఒకటే ఉండాలి. బూత్ స్థాయి కార్యకర్తల మాట రాతపూర్వకంగా తీసుకోవాలి, తీసుకున్నాక చదవాలి. జాబితా ఆఖరి రాత్రి దాకా బిగపట్టుకుని బీ-ఫారాన్ని బ్రహ్మపదార్థంలా దాచకూడదు. టికెట్ రానివాడు ఆ సంగతి టీవీలో చూసి తెలుసుకోకూడదు. పెద్ద నాయకుడే పిలిచి, కూర్చోబెట్టి చెప్పాలి. ఇచ్చే హామీ ఇవ్వగలిగిందే ఇవ్వాలి, ఇచ్చాక నిలబెట్టుకోవాలి. బయటినుంచి వచ్చేవారికి తలుపు తెరిచే ముందు లోపల ఉన్నవారిని ఒక్క మాట అడగాలి. జిల్లా, తాలూకా పంచాయతీల్లో, నగర పాలికల్లో, సహకార సంఘాల్లో కష్టపడినవాడికి చోటు చూపిస్తే శాసనసభ టికెట్ మీద ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. ఒకే ఇంట్లో నాలుగు పదవులు పోగుపడితే పక్కింటివాడికి కడుపు మండటం తప్పు కాదు.

ఓటర్లకూ ఒక పని ఉంది. కులం పేరుతోనో, భాష పేరుతోనో, క్యాంపు పేరుతోనో తమ ఓట్లను మూటగట్టి ఏదో ఒక వర్గానికి అప్పగించే మధ్యవర్తులను పక్కన పెట్టాలి. ఓటు అడగడానికి వచ్చినవారిని ‘మీ పార్టీలో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదు?’ అని కాకుండా ‘కాలువ చివరి మడికి నీళ్లెప్పుడు?’ అని అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే పార్టీలోని నలుగురూ ఒకచోట కూర్చోక తప్పదు. పదవుల చుట్టూ కుదిరిన ఐక్యత పదవి పోగానే విడిపోతుంది. పని చుట్టూ కుదిరిన ఐక్యత ఓడినా నిలబడుతుంది.

ఈసారి వేదిక మీద చేతులు పైకెత్తినప్పుడు జనం చూడాల్సింది ఆ చేతులను కాదు. వేదిక కింద, ఎండలో, జెండా పట్టుకుని నిలబడిన ఇద్దరు పాత ప్రత్యర్థుల ముఖాలను చూడాలి. వాళ్లు పక్కపక్కన నిలబడి ఒకే సీసాలో మంచినీళ్లు తాగుతుంటే ఆ పార్టీ ఇంట గెలిచినట్టు. రచ్చ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.